బయానా ఇచ్చే ముందు

(నల్లగొండలో ఇల్లు, ఇంటి జాగ కొనాలనుకుంటున్న ఉద్యోగులతో, ఉపాధ్యాయులతో జరిగిన అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

జాగ కొనబోయేవాళ్లు మొదట అడిగేది గజం ఎంత అని. ఆ తర్వాత రోడ్డు ఎన్ని ఫీట్లు, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని. సర్వే నంబరు ఎంత అన్న ప్రశ్న మాత్రం బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చేశాక, లోను కోసం బ్యాంకుకు పోయినప్పుడు వస్తుంది. అప్పటికి రెండు మూడు లక్షలు చేతులు మారిపోయి ఉంటాయి. బ్యాంకు వకీలు ఫలానా కాగితం లేదంటాడు. అమ్మినాయన, అదంతా మీ బ్యాంకు గొడవ, నాకు సంబంధం లేదంటాడు. డబ్బు మీ దగ్గర ఉన్నంతసేపే ఆయన మీకు కాగితాలు చూపిస్తాడు. చూడాల్సినవన్నీ బయానాకు ముందే చూడాలని చెప్పడానికే ఈరోజు వచ్చాను. మిగతాదంతా ఆ చూడటం ఎట్లా అన్నదే.

ప్లాటు నంబరు వెంచర్ వాళ్లు పెట్టుకున్నది. భూమికి ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న గుర్తు సర్వే నంబరు, దాని బై నంబరు, రెవెన్యూ గ్రామం పేరు. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి వెనకాడితే అక్కడి నుంచి లేచి రండి.

మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల భూములకు ఒక చరిత్ర ఉంది. జాగీర్లు, ఇనాములు, కౌలుదారుల హక్కులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అందుకే 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే పట్టా ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన రెవెన్యూ రికార్డు, దాని నకలు తీయించమని చెప్తాను. మన వైపు హక్కుల గొలుసుకు మొదటి కొక్కెం అదే. అందులో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, కౌలుదారు పేరు మరో కాలమ్‌లో ఉంటాయి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా నమోదైనవాళ్లకు 38-ఇ సర్టిఫికెట్ వచ్చి ఉంటే యాజమాన్యం వాళ్లకు పోయినట్టే. కానీ తర్వాతి పహాణీల్లో పాత పట్టాదారు పేరే నడుస్తూ వచ్చిన సర్వే నంబర్లు ఉన్నాయి. పట్టాదారు మనవళ్లు మంచి మనసుతోనే అమ్మేస్తారు, మీరు కొంటారు, పునాది తీసే రోజు కౌలుదారు వారసులు కోర్టు కాగితంతో వస్తారు. కౌలుదారు కాలమ్‌లో పేరు కనపడితే, ఆ కుటుంబం హక్కు ఏమైందో చెప్పే కాగితం అడగండి.

ఇనాం భూమి అయితే ఆర్డీవో ఇచ్చే ఓఆర్‌సీ, అంటే ఆక్యుపెన్సీ రైట్స్ సర్టిఫికెట్ ఉండాలి. లావుణి పట్టా, అంటే అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకమే కుదరదు. కొన్నా ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, మీరు కట్టిన డబ్బు ఎవరూ ఇవ్వరు. భూదాన ఉద్యమం 1951 ఏప్రిల్ 18న మొదలైందే మన పాత జిల్లాలోని పోచంపల్లిలో. ఆ గౌరవంతో పాటు ఒక జాగ్రత్త కూడా మనకు మిగిలింది. దానమిచ్చిన భూములు పేదలు సాగు చేసుకుని బతకడానికే, వాటిని ప్లాట్లు చేసి అమ్మే హక్కు ఎవరికీ లేదు. వక్ఫ్, దేవాదాయ భూములకూ, బంచరాయి, అంటే పశువుల మేత భూములకూ ఇదే మాట.

శిఖం, అంటే చెరువు లోపలి భూమి, గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మనది గొలుసుకట్టు చెరువుల నేల. ఏప్రిల్, మే నెలల్లో చెరువు లోపలి జాగ కూడా ఎర్రగా, చదునుగా, ఇల్లు కట్టడానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ గీత లోపల ఏ నిర్మాణమూ చెల్లదు. ఆ గీత దాటాక కూడా, 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు బఫర్ వదలాలి. చెరువు దగ్గరి ప్లాటు అయితే నీటిపారుదల శాఖ నుంచి ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి. అలుగు పారే దారి ఎటు పోతుందో ఊళ్లో పెద్దమనిషిని అడిగినా చెప్తాడు.

ఇవన్నీ చూశాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా, మనం 22-ఏ అని పిలిచేది, తెరిచి సర్వే నంబరు కొట్టండి. జాబితాలో ఉంటే అక్కడితో ఆపేయండి. లేకపోతే అంతా బాగున్నట్టు అనుకోవద్దు, ఒక మెట్టు దాటామని మాత్రమే.

ఇక ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తీసుకోవాలి. కనీసం ముప్పై ఏళ్లది తీయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ప్లాటు నంబరుతో మాత్రమే వెతకడం. ప్లాట్లు చేయకముందు ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు సర్వే నంబరు కింద ఉంటాయి, ప్లాటు నంబరుతో వెతికితే రావు. రెండు రకాలుగానూ వెతకండి, దస్తావేజు నంబరుతో మూడోసారి సరిచూసుకోండి. 2016లోనూ 2019లోనూ జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఇప్పటి సూర్యాపేట, భువనగిరి వైపు పాత దస్తావేజుల్లో నల్లగొండ జిల్లా అని, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేట వైపు మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటుంది. దానికి కంగారు పడక్కర్లేదు, కానీ అప్పట్లో ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధో తెలుసుకుని అక్కడి ఈసీ కూడా తీయాలి.

ఈసీలో కనపడనివీ ఉంటాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, నడుస్తున్న కేసులు అందులో రావు. అమ్మేవాళ్ల పేర్లతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసులు వెతకండి. పాత తాకట్ల కోసం సెర్సాయ్ వెబ్‌సైట్ ఉంది, చిన్న ఫీజు కడితే ఆ ఆస్తి మీద ఏ బ్యాంకు అప్పైనా నమోదైందా చూపిస్తుంది.

తాత ఆస్తి అయితే ఆడబిడ్డల సంతకాలు తప్పకుండా తీసుకోండి. 'కట్నం ఇచ్చి పంపినం, వాళ్లకేం సంబంధం' అంటారు. చట్టం అట్లా అనదు. 2005 సవరణతో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. చనిపోయినవాళ్ల మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో అమ్మేవాళ్లుగా ఉందా చూడండి. మైనర్ పేరు మీద ఆస్తి ఉంటే కోర్టు అనుమతి లేకుండా కొనకండి. ఆ పిల్లవాడు మేజరయ్యాక మూడేళ్లలోపు ఆ అమ్మకాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్ల జాగలు మన దగ్గర చాలా అమ్ముడవుతున్నాయి. అక్కడి నుంచి వచ్చిన జీపీఏ, అంటే తన తరఫున అమ్మమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం, ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టి ఇక్కడ సరిచేయించుకోవాలి. ఇచ్చినాయన బతికే ఉన్నాడని, దాన్ని రద్దు చేయలేదని నిర్ధారించుకోండి. వీడియో కాల్‌లో ఆయనతో నేరుగా మాట్లాడి, ఈమెయిల్‌లో రాయించుకోవడం మేలు. జీపీఏ మీదే ఇల్లు తీసుకుని, అదే యాజమాన్యం అనుకుని ఉండిపోవద్దు. జీపీఏతో హక్కు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. సాదా బైనామా అయితే సరేసరి, తెల్ల కాగితం మీద రాసుకున్నదాన్ని పట్టుకుని బ్యాంకు రూపాయి కూడా ఇవ్వదు.

లింకు దస్తావేజులు, అంటే ఆ జాగ ఇంతకు ముందు చేతులు మారినప్పటివి, అన్నీ ఒరిజినల్స్ చూడాలి, జిరాక్సులు కాదు. ఒరిజినల్ పోయింది, సర్టిఫైడ్ కాపీ ఉంది అంటే చాలాసార్లు అది ఎక్కడో ఫైనాన్స్ వాళ్ల దగ్గర తాకట్టులో ఉంటుంది. నిజంగా పోయి ఉంటే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన ఉండాలి. లేకపోతే అమ్మేవాళ్ల చేతే చేయించండి.

ఇప్పుడు వెంచర్ల సంగతి. వ్యవసాయ భూమిని నాలా, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి చేసి, డీటీసీపీ, అంటే పట్టణ ప్రణాళిక శాఖ, లేదా పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర లేఅవుట్ అనుమతి తీసుకోవాలి. గ్రామపంచాయతీ లేఅవుట్ అని స్టాంపు వేసి ఇచ్చిన కాగితానికి విలువ లేదు. లేఅవుట్ కాపీలో తాకట్టు ప్లాట్లు ఏవో చూడండి. రోడ్లు, కాలువలు, కరెంటు పనులు పూర్తి చేస్తారన్న హామీగా 15 శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెడతారు, విడుదల కాకుండా వాటిని అమ్మకూడదు. చవకగా ఇస్తామని చూపించేది ఒక్కోసారి ఆ ప్లాటే ఉంటుంది. పార్కు స్థలం గిఫ్ట్ డీడ్‌గా మున్సిపాలిటీకి రాసిచ్చారా అన్నదీ అడగండి. రాసివ్వకపోతే కొన్నేళ్లకు ఆ పార్కు కూడా ప్లాట్లవుతుంది.

500 చదరపు మీటర్లు దాటిన వెంచర్, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, రిజిస్టర్ కావాలి. ఆ నంబరు లేకుండా అమ్మకానికి పెట్టకూడదు, ప్రకటనలు కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీ లాంచ్ అని, సంవత్సరానికి ఇంత చొప్పున కలిపి తిరిగి కొంటామని చెప్పేవాళ్లకు మీ ప్రావిడెంట్ ఫండ్ డబ్బు అప్పజెప్పకండి. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను. అక్కడ మీరు కొంటున్నది జాగ కాదు, ఒక మాట మాత్రమే.

అనుమతి లేని పాత ప్లాటు కొంటుంటే ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ, అయిందా చూడండి. 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టరైన ప్లాట్లకే ఆ అవకాశం ఇచ్చారు. ఖాళీ స్థలం వదలని వెంచర్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా పడుతుంది, దాన్ని ఎవరు భరిస్తారో బేరంలోనే తేల్చుకోండి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లు ఇంటి జాగలు కావు. గుంట అంటే 121 గజాలు, నలభై గుంటలు ఎకరం. పది గుంటల మామిడి తోట కొంటే అది వ్యవసాయ భూమి, తహసీల్దార్ దగ్గర రిజిస్ట్రేషన్. దాని మీద ఇంటి లోను రాదు.

జాగ మీదికి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లండి. ముప్పై ఇంటు అరవై అంటే 1,800 చదరపు అడుగులు, 200 గజాలు. నాలుగు వైపులా కొలిచి, మూల నుంచి ఎదుటి మూలకు కూడా కొలవండి. రెండు మూలల కొలతలూ సమానంగా రాకపోతే ప్లాటు వంకర. దస్తావేజు హద్దుల్లో తూర్పున రోడ్డు అని ఉంటే అక్కడ నిజంగా రోడ్డే ఉందా చూడండి. చౌటుప్పల్ వైపు అయితే రీజినల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్, జడ్చర్ల దగ్గర ఉదండాపూర్ వైపు అయితే రిజర్వాయర్ భూసేకరణ ఆ సర్వే నంబరును తాకుతున్నాయేమో రెవెన్యూ ఆఫీసులో కనుక్కోండి. బోరు ఉన్న ఇల్లయితే నీళ్లు పరీక్ష చేయించాలి. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే అవి తాగే నీళ్లు కావు. అప్పుడు మిషన్ భగీరథ నల్లా కనెక్షన్ ఉందా లేదా అన్నదే ఇంటి విలువను నిర్ణయిస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి అయితే పునాది ఖర్చు చల్క నేల లెక్కతో వేయకండి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, తక్కువ లోతు పునాది గోడను చీల్చేస్తుంది.

ఇవన్నీ సరిపోతే అప్పుడు బయానా. చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ, నగదు వద్దు. ఆస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడుతుంది. అగ్రిమెంట్‌లో మూడు సంగతులు ఉండాలి. మిగతా డబ్బుకు గడువు తేదీ, టైటిల్‌లో లోపం బయటపడితే బయానా ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారన్నది, బ్యాంకు లోను తిరస్కరిస్తే ఏమిటన్నది. మూడోది రాయని అగ్రిమెంట్లే ఎక్కువ, గొడవలన్నీ దాని మీదే. పత్రికలో అభ్యంతరాల కోసం ప్రకటన వేసి పదిహేను రోజులు ఆగితే, దాగి ఉన్న వాటాదారు ఎవరైనా ఉంటే అప్పుడే బయటికొస్తారు.

బ్యాంకు లీగల్ ఒపీనియన్ బ్యాంకు కోసం రాసింది. బ్యాంకు లోను ఇచ్చిందంటే టైటిల్ బాగున్నట్టే అని ధీమాగా ఉండకండి. కొన్న ధర కంటే తక్కువే బ్యాంకు ఇస్తుంది కాబట్టి దాని నష్టం వేరు, మీ నష్టం వేరు. మీ వకీలును మీరు పెట్టుకోండి, కొన్ని వేలకు వెనకాడొద్దు.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు లోనైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల వరకైతే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ విలువలో స్టాంపు డ్యూటీ కలవదు. నలభై లక్షల ఇల్లు అనుకోండి. లోను 32 లక్షలు, మీ వాటా 8 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు మొత్తం ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షలు. చేతిలో 11 లక్షలు ఉండాలి. ఎనిమిదే ఉన్నాయని బయలుదేరినవాళ్లు మిగతా మూడింటికి పర్సనల్ లోను తీసుకుంటారు, అక్కడి నుంచి జీతం లెక్క తప్పుతుంది. దస్తావేజులో ధర తగ్గించి చూపితే డ్యూటీ మిగులుతుందని కొందరు చెప్తారు. బ్యాంకు దస్తావేజు ధరకూ తన వాల్యుయేషన్‌కూ ఏది తక్కువైతే దాని మీదే లోను లెక్కిస్తుంది, మీకు లోను తగ్గుతుంది. రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనపడి పన్ను మీ మీద పడుతుంది. తగ్గించి రాయడం వల్ల మేలంతా అమ్మినవాళ్లకే.

ఈఎంఐ సంగతి. లెక్క కోసం 20 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ తీసుకుందాం. ఇరవై ఏళ్లకు నెలకు 17,356 రూపాయలు. మొదటి నెల అందులో 14,167 వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 3,189. అదే పదిహేనేళ్లకు పెట్టుకుంటే నెలకు 19,695. నెలకు రెండు వేల మూడు వందల చిల్లర ఎక్కువ కడితే మొత్తం మీద ఆరు లక్షలకు పైగా మిగులుతుంది. అంత కుదరకపోతే ఇరవై ఏళ్లే పెట్టుకుని, ఏటా ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. మూడేళ్లకు పైగా తగ్గుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ లోనును వ్యక్తులు ముందే తీర్చినా జరిమానా లేదు. వడ్డీ పెరిగినప్పుడు బ్యాంకు చెప్పకుండా గడువు పొడిగిస్తుండేది. 2023 నుంచి ఈఎంఐ పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్నది మీ ఇష్టానికి వదలాలి. ఏడాదికోసారి స్టేట్‌మెంట్ తీసి ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో చూసుకోండి. లోనుతో పాటు బ్యాంకువాళ్లు కలిపే ఒకేసారి ప్రీమియం బీమా తప్పనిసరి కాదు. కానీ ఇంటి పెద్దకు అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ విడిగా ఉండాలి. లోను వారసత్వంగా పిల్లలకు పోకూడదు.

జాగ కొని కట్టుకునేవాళ్లకు లోను విడతలుగా వస్తుంది. బేస్‌మెంట్ అయ్యాక ఇంజినీరు వచ్చి చూస్తాడు, అప్పుడు డబ్బు. అంటే మొదటి దశ మీ సొంత డబ్బుతో నడవాలి. 600 గజాల లోపు జాగ, పది మీటర్ల లోపు ఎత్తు అయితే టీఎస్ బీపాస్ చట్టం కింద స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తుంది. అది సులువే, కానీ మీరు రాసిచ్చింది తప్పయితే నోటీసు లేకుండానే కూల్చవచ్చని అదే చట్టం చెప్తుంది. ప్లానులో ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్‌లోకి మెట్లు, బాత్రూము జరిపితే బ్యాంకు తర్వాతి విడత ఆపేస్తుంది, సగం గోడలతో ఇల్లు ఆగుతుంది. ముందే ప్లాను మార్పించుకోండి.

రిజిస్ట్రేషన్ రోజు తొందరపడకండి. ఒక రోజు ముందే డ్రాఫ్టు ఇంటికి తెచ్చుకుని, సర్వే నంబరు, ప్లాటు నంబరు, హద్దులు, కొలతలు, ఆధార్‌లోని పేర్లు అక్షరం అక్షరం చదవండి. తప్పు పడితే సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ రావాలి, డబ్బు ముట్టాక వాళ్లు రారు. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల ఆదాయపు పన్ను, వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరే కోసి కట్టాలి. అమ్మేవాళ్లు విదేశాల్లో ఉంటే ఆ పరిమితి వర్తించదు, రేటూ చాలా ఎక్కువ, ఆడిటర్‌ను అడగకుండా డబ్బు పంపకండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, అయి ఇంటి పన్ను మీ పేరు మీదికి మారిందా చూడండి. పాత ఇల్లయితే పన్ను, కరెంటు, నల్లా బకాయిలు బయానాకు ముందే కట్టించాలి. మున్సిపాలిటీలో పన్ను ఏప్రిల్ నెలలోనే కడితే ఐదు శాతం తగ్గింపు ఉంటుంది.

లోను తీరిపోయాక ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో బ్యాంకు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు కట్టాలి, 2023 డిసెంబరు 1 నుంచి ఇదే నిబంధన. ఇచ్చిన కాగితాలను లోను తీసుకున్నప్పుడు రాసిచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి, లింకు దస్తావేజులు మరిచిపోతుంటారు. తాకట్టు రద్దు దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించి, కొత్తగా ఈసీ తీసి, అందులో ఆ రద్దు ఎక్కిందో లేదో చూసుకోండి.

ఇక ఎవరైనా కాగితాలు వెంట తెచ్చుకుని ఉంటే, ముందు బయానా ఇంకా ఇవ్వనివాళ్లు ఇటు రండి.